ఎండు కుళాయి

కింద కుట్టుమిషన్లు మోతగా తిరుగుతుండగా ఇంటి యజమాని ఫోన్ చేసి, "పై అంతస్తులోకి బీమా వాళ్లు దిగుతున్నారమ్మా, కాస్త కనిపెట్టుకుని ఉండు" అన్నాడు. ఆ మోతలో టైలరమ్మ చెవిలో 'మా' ఒక్కటే క్షేమంగా పడింది. దాని ముందు ఏముండి ఉంటుందో ఆవిడే అతికించుకుంది. అతుకులు వేయడం ఆవిడ వృత్తి.

"పైకి సినిమా వాళ్లు వస్తున్నారట" అంది ఇస్త్రీ అతనితో.

ఇస్త్రీ అతను ఆ కబురును ముడతల్లేకుండా చేసి టీకొట్టుకు చేరవేశాడు. టీకొట్టాయన దాన్ని బాగా మరగబెట్టాడు. మందుల షాపు చేరేసరికి అందులో ఒక కథానాయిక కూడా కలిసింది. సాయంత్రం వ్యాన్ వచ్చి ఆగేసరికి వీధిలో ఉన్నవాళ్లంతా తల దువ్వుకుని నిలబడ్డారు.

ముందు దిగినాయనకు కోటు ఉంది, కోటులో పట్టనంత పొట్ట ఉంది, చెవి దగ్గర ఫోన్ ఉంది. నిర్మాత అనుకున్నారు. వెనక దిగినతను పొడుగ్గా, బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. కాలు నేలమీద ఆనిందో లేదో తలెత్తి కరెంటు తీగలను అనుమానంగా చూశాడు. విలన్ అనుకున్నారు. టైలరమ్మ అత్తగారు మాత్రం అనుకుని ఊరుకునే మనిషి కాదు. దగ్గరికే వచ్చి మొహంలో మొహం పెట్టి చూసింది.

"నిన్నెక్కడో చూశాను బాబూ. ఏ సినిమాలో చచ్చావు నువ్వు?"

"మేం చావమమ్మా. వేరేవాళ్లు చచ్చాక వస్తాం. బీమా వాళ్లం."

ఆ మాట ముందువరస నుంచి వెనకవరసకు వెళ్లడానికి కాస్త సమయం పట్టింది. వెళ్లాక వరసలే లేకుండా పోయాయి. టైలరమ్మ నాలిక కరుచుకుని మిషన్ వెనక్కి తప్పుకుంది. పెద్దావిడ మాత్రం కదల్లేదు.

"పోనీలే. సినిమా వాళ్లయితే మంచినీళ్లు కూడా వాళ్లే తెచ్చుకుంటారు. మిమ్మల్ని చూస్తే దాహంతో చచ్చేలా ఉన్నారు" అని లోపలికెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చింది.

పొడుగతను చెంబు ఎత్తి గటగటా తాగేశాడు. తాగేశాక గానీ అవి కాచిన నీళ్లో కాదో అడగలేదని అతనికి గుర్తురాలేదు. అడగకుండా ఏదైనా గొంతులో పోసుకోవడం అతని ఉద్యోగ జీవితంలో అదే మొదలు. చల్లగా, హాయిగా ఉన్నాయి. చెంబు రెండు చేతులా పట్టుకుని తిరిగిచ్చాడు.

అతన్ని ఆఫీసులో గండాలయ్య అంటారు. నష్టం జరిగిన చోటికి వెళ్లి అది ఎందుకు జరిగింది, ఎవరివల్ల జరిగింది అని తేల్చే సర్వేయరు. జరగని చోట కూడా తేలుస్తాడు. కుర్చీ కాళ్లు ఊపి చూడకుండా కూర్చోడు. మెట్లెక్కేటప్పుడు పిట్టగోడను ఒకసారి నెట్టి చూస్తాడు. కోటాయన రీజనల్ సారు. రీజియన్ మొత్తం ఆయనదే కానీ దేనికీ రీజన్ చెప్పడు. వాళ్ల సంస్థ దేశం తర్వాత దేశంలో దిగి, అక్కడి చిన్న చిన్న కంపెనీల శాఖలను కొనేసి తన బోర్డు తగిలిస్తూ వస్తోంది. శాఖలు తప్ప మరేదీ తినదు కాబట్టి అది శాఖాహార సంస్థ అని గండాలయ్య అంటూ ఉంటాడు, రీజనల్ సారు పక్కన లేనప్పుడు. ఈ దేశంలో కొనడానికి ఏ శాఖా దొరక్కపోవడంతో ఇక్కడ సొంతంగా ఒకటి తెరవాల్సి వచ్చింది.

"విస్తరణ అంటే ఏముందయ్యా, కొత్త చోట దిగడం, బోర్డు కట్టడం, రిబ్బన్ కత్తిరించడం" అన్నాడు రీజనల్ సారు మెట్లెక్కుతూ. ఆయనకు విస్తరణ అంటే విస్తరి పరిచినంత సులువు. వడ్డించేవాళ్లూ ఎంగిలెత్తేవాళ్లూ వేరే ఉంటారు.

*

వడ్డించేవాడు గండాలయ్యే. రీజనల్ సారు హోటల్లో కూర్చుని ఫోన్లో అన్ని దేశాలతోనూ మాట్లాడుతుంటే, వీధి చివరి లాడ్జిలో దిగిన గండాలయ్య పెయింటర్లనూ వడ్రంగినీ కరెంటు మేస్త్రీనీ అదిలిస్తూ ఆఫీసును ఆఫీసు రూపానికి తెచ్చే పనిలో పడ్డాడు. గోడలకు సంస్థ రంగు వేయాలి. అన్ని దేశాల్లోనూ ఒకటే పచ్చ. ఆ పచ్చను చూసి పెయింటరు, "ఇది మామూలు పచ్చ కాదు సార్, కామెర్ల పచ్చ" అన్నాడు.

ఆ వీధి అతన్ని వాటేసుకున్న తీరు అతనికే అంతుపట్టలేదు. కరెంటు పోతే టైలరమ్మ తన షాపులోంచి ఇన్వర్టర్ వైరు కిటికీ గుండా పైకి విసిరింది. "జాగ్రత్త సారూ, దాన్ని కూడా ఊపి చూడకండి" అంది కిందనుంచి. ఇస్త్రీ అతను అతని చొక్కా నలిగి ఉండటం చూసి ఒంటిమీద ఉండగానే కాలర్ సరిచేసి, "విప్పి ఇవ్వండి, ఇలాగైతే మీ కంపెనీకి ఎవరూ పాలసీ కట్టరు" అన్నాడు. టీకొట్టాయన చక్కెర ఎంత వేయాలో మొదటిరోజే పట్టేశాడు. అన్నిటికంటే ముందు పెద్దావిడ నీళ్లు. ఇంటి యజమాని టైలరమ్మ దగ్గర ఉంచిన మారుతాళంతో ఆవిడ రోజూ పొద్దున్నే పైకెక్కి, మూతపెట్టిన మంచినీళ్ల కుండ హాల్లో స్టూలు మీద పెట్టి, సాయంత్రం ఖాళీ కుండ తీసుకెళ్లేది. ఎవరూ పెట్టమనలేదు. కింద షాపు తెరిచేది కూడా ఆవిడే. షాపు తాళం, మేడ తాళం ఒకే తాడుకు కట్టి నడుం దగ్గర దోపుకునేది. ఆవిడ మెట్లెక్కుతుంటే ఆ తాళాల చప్పుడే ముందు వచ్చేది.

"మీకెందుకమ్మా శ్రమ, మోకాళ్లు నొప్పి కదా" అన్నాడు ఒకసారి.

"నొప్పి మెట్లు దిగేటప్పుడు బాబూ. ఎక్కేటప్పుడు కాదు. అందుకని ఎక్కుతాను. దిగడం సంగతి దిగేటప్పుడు చూసుకుంటా."

గండాలయ్య నవ్వాడు. అతనికి నవ్వు అలవాటు లేకపోవడంతో పెయింటరు నిచ్చెన మీదనుంచి వంగి, ఏమైందో అని చూశాడు.

*

ప్రారంభోత్సవానికి ఇంకా ఒక్కరోజుందనగా, పొద్దున్నే లాడ్జి గుమస్తా తలుపు కొట్టి, "మీ ఆఫీసు కింద గొడవగా ఉందట" అన్నాడు.

గొడవ ఏమీ లేదు. గొడవకంటే పెద్ద నిశ్శబ్దం ఉంది. షాపు పైకప్పు నుంచి ఇంకా ఒక్కో చుక్కా రాలుతోంది. దాని కింద, కడ్డీకి వరసగా వేలాడదీసిన ఆసుపత్రి నర్సుల తెల్లకోట్లు, తడిసి మోపెడు కావడం అనే మాట అచ్చంగా వాటి కోసమే పుట్టినట్టు బరువుగా వేలాడుతున్నాయి. ప్రతి కోటు భుజం మీదా పెయింటు ధూళి కలిసిన నీటి మరక చారగా దిగింది. టైలరమ్మ ఒక్కో కోటూ తీసి, పిండి, చూసి, పక్కన పెడుతోంది. ఇస్త్రీ అతను బకెట్లు మారుస్తున్నాడు. వీధిలో ఆడవాళ్లు కొందరు చెప్పకుండానే వచ్చి ఒకమూల కోట్లు నానబెట్టడం మొదలుపెట్టారు.

గండాలయ్య పైకి పరిగెత్తాడు. చేతులు కడుక్కునే సింకు అంచుల దాకా నిండి, నీళ్లు అక్కడనుంచి గదంతా పారి, గడప దాటి హాల్లోకి వచ్చాయి. కుళాయి అప్పటికే ఎవరో కట్టేశారు. అరచెయ్యి గోడకు ఆన్చి ఎంతదాకా తడి ఎక్కిందో చూశాడు. సింకు అడుగున వేలు పెట్టి తిప్పితే పెయింటు పెచ్చులు ముద్దగా వచ్చాయి. తూము మూసుకుపోయింది, సరే. మరి కుళాయి?

కిందికి దిగేసరికి అదే ప్రశ్న అక్కడ నడుస్తోంది.

"అత్తయ్యా, నిన్న సాయంత్రం పైకి వెళ్లారా?" టైలరమ్మ గొంతు పెంచలేదు.

"వెళ్లానే. ఖాళీ కుండ తెచ్చాను."

"కుళాయి తిప్పారా?"

 పెద్దావిడ కళ్లు గోడమీద దేనికోసమో వెతికాయి. "తిప్పలేదనే అనుకుంటా" అంది. కాస్త ఆగి, "తిప్పానేమో" అంది. "గుర్తులేదే."

"మొన్న కత్తెర కూడా ఎక్కడ పెట్టారో గుర్తులేదన్నారు."

"అది నీ ఒళ్లోనే ఉందిగా."

"ఉందనుకోండి. పెద్దవాళ్లయ్యారు అత్తయ్యా, మీ తప్పేం కాదు. రేపు ఈ సందడి అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్దాం. మతిమరుపుకు ఇప్పుడు మంచి మందులున్నాయట." చెయ్యి చాచి అత్తగారి నడుం దగ్గరున్న తాడు నెమ్మదిగా లాగింది. తాళాలు రెండూ వచ్చాయి. "ఇకనుంచి షాపు నేను తీస్తాను. మీరు హాయిగా కూర్చోండి."

అందులో ఒక్క గట్టిమాట లేదు. పెద్దావిడ తాడు లేని నడుం తడుముకుని, ఎవరో చూపించిన కుర్చీలో కూర్చుంది.

రీజనల్ సారు టాక్సీలో వచ్చాడు. నీళ్లను తప్పించుకుంటూ బూట్ల మునివేళ్ల మీద మెట్లెక్కి, అంతా విని, గండాలయ్యను బాల్కనీలోకి లాగాడు.

"మన ఆఫీసు మీద ఇంకా బీమా లేదు. రేపు రిబ్బన్ కత్తిరించాకే మొదలవుతుంది."

"ఊరందరికీ గొడుగులమ్మేవాళ్లం, మనకే గొడుగు లేదా సార్?"

"వెటకారాలు తర్వాత. ఆవిడే ఒప్పుకుందటగా. కింది పోర్షన్ వాళ్ల మనిషి మన గదిలోకి వచ్చి కుళాయి వదిలేసిందని రాసెయ్యండి. అవతల హెడ్డాఫీసు వాళ్లు చూస్తున్నారు. మొదటి శాఖకే మొదటి క్లెయిమ్ మనమీదే పడితే ఈ రీజియన్ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది? అన్నట్టు, ఇక్కడి సర్వే విభాగం అంతా మీకే అప్పజెప్పాలని సిఫారసు చేశాను."

"చూసి రాస్తాను సార్."

"చూడ్డానికేముంది, ఒప్పుకున్నాక?"

గండాలయ్య అప్పటికే మెట్లవైపు తిరిగాడు. ఒప్పుకున్నవాళ్లనే అతను ఎక్కువ అనుమానిస్తాడు. తప్పు చేసినవాడు ముందు వాదిస్తాడు, తర్వాత అరుస్తాడు, ఆఖరికి అలిసిపోయి ఒప్పుకుంటాడు. ముందే ఒప్పుకునేవాళ్లకు వేరే ఏదో బాధ ఉంటుంది.

*

మధ్యాహ్నం అతను షాపులోకి దిగేసరికి పెద్దావిడ అదే కుర్చీలో ఉంది. ఒళ్లో గుండీల డబ్బా. ఒక్కో గుండీ తీసి బల్లమీద పెడుతూ ఏదో గొణుగుతోంది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"వీధి చదువుతున్నాను. మందుల షాపు, దాని పక్కన చెప్పులు కుట్టే అతను, ఆ పక్కన గాజు కొట్టు..." గుండీ పట్టుకున్న వేళ్లు ఆగాయి. "దాని పక్కన ఏంటి బాబూ?"

"నాకు తెలీదమ్మా. కొత్తవాణ్ణి."

"సైకిల్ షాపు. చూశావా, వచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చింది అంతే." ఇంకో గుండీ పెట్టింది. "నిన్న సాయంత్రందే రావడం లేదు. ఎంత లాగినా."

అతను స్టూలు కాళ్లు ఊపకుండానే కూర్చున్నాడు. "మీరు కుళాయి తిప్పినట్టు గుర్తుందా?"

"లేదు."

"తిప్పనట్టు?"

"అదెలా గుర్తుంటుంది నాయనా, చెయ్యని పని? గుర్తు లేదంటే నేనే అయి ఉంటాను. నాకు కోపం లేదు. కోట్లు అందరూ కలిసి ఉతుకుతున్నారు, మరక పోతుంది. దీనిలో..." తలమీద వేలు ఆన్చుకుంది. "దీనిలో మరక పడితే ఎవరు ఉతుకుతారు? రేపు కోడలి పేరు మర్చిపోతాను. ఎల్లుండి ఇంటిదారి. ఈ కుర్చీలోనే కూర్చోబెడతారు. కూర్చోబెట్టరని కాదు, బాగానే కూర్చోబెడతారు."

మిషన్ మీద వంగిన టైలరమ్మ తల ఎత్తలేదు కానీ ఆవిడ పాదం మాత్రం కాసేపు తొక్కడం మానేసింది.

గండాలయ్య బయటికొచ్చి వీధిలో నడిచాడు. ఏమీ తోచనప్పుడు అతను నడుస్తూ చుట్టూ ఉన్న గండాలు చూస్తాడు, అదే అతనికి విశ్రాంతి. ఈసారి కుళాయిలే కనబడ్డాయి. టీకొట్టు పక్కన కుళాయి తెరిచి ఉంది, నీళ్లు రావడం లేదు, కింద తపేలా ఉంది. చెప్పులు కుట్టే అతని దగ్గరా అంతే, కింద డబ్బా. ఇస్త్రీ అతని గోడ కుళాయి గట్టిగా కట్టేసి ఉంది.

"ఇక్కడ నీళ్లెప్పుడొస్తాయి?" అని అడిగాడు ఇస్త్రీ అతన్ని.

"తెల్లారుజామున. కాసేపే. మీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదు."

"అవును, ఎవరు చెబుతారు, అందరికీ తెలిసిందేగా." అందరికీ తెలిసిన సంగతి కొత్తవాడికి అందరికంటే ఆఖరున తెలుస్తుంది. ఇస్త్రీ అతను బొగ్గులు ఊదుతూ అన్నాడు, "ఎండు కుళాయి తిప్పితే కింద ఏదైనా పెట్టాలి. లేకపోతే వెంటనే కట్టెయ్యాలి. ఈ వీధిలో పుట్టిన పిల్లాడు కూడా తిప్పి వదిలెయ్యడు సార్. నిద్దట్లో కూడా చెయ్యి దానంతటదే కట్టేస్తుంది. అందుకే పెద్దావిడ సంగతి వింటే భయమేసింది. చెయ్యి కూడా మర్చిపోయిందంటే..."

గండాలయ్య వెనుదిరిగాడు. మెట్లు ఎక్కుతూ పిట్టగోడను నెట్టడం మర్చిపోయాడు.

నీళ్లు పారింది చేతులు కడుక్కునే సింకులోంచి. ఆ సింకు మీద కుండ పట్టదు. కుండ నింపేవాళ్లకు అదే గదిలో, సింకు కింద వేరే కుళాయి ఉంది, అది కట్టేసినట్టే ఉంది. కాబట్టి సింకు దగ్గరికి వచ్చింది కుండ కోసం కాదు. చేతులు కడుక్కోవడానికి వచ్చారు. నీళ్లు రాకపోతే కట్టెయ్యాలని తెలియనివాళ్లు వచ్చారు. పెయింటర్లూ వడ్రంగీ ఈ ఊరివాళ్లే. రీజనల్ సారు నిన్న రానే లేదు.

టార్చి వేసి కుళాయి పిడి వెనక చూశాడు. పిడి కింది పక్కన పచ్చగా, పూర్తిగా ఎండిన బొటనవేలి ముద్ర ఉంది. కామెర్ల పచ్చ.

అప్పుడు తన చెయ్యి చూసుకున్నాడు. గోటిసందులో ఇంకా ఉంది.

నిన్న సాయంత్రం పెయింటరు గోడకు 'తడి ఉంది, ముట్టకండి' అని అట్టముక్క తగిలించి వెళ్లిపోయాడు. అట్టముక్క చెప్పినదాన్ని గండాలయ్య ఊరికే నమ్మడు కాబట్టి ముట్టి చూశాడు. తడి ఉంది. చెయ్యి కడుక్కుందామని సింకు దగ్గరికి వెళ్లాడు, తిప్పాడు, గుర్రుమని గాలి వచ్చింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరిచేతా చెయ్యి తడిపించుకోని మనిషి అతను. ఆ కుళాయి కూడా తడపలేదు. పచ్చచెయ్యి ఎత్తిపట్టుకుని హాల్లోకి వచ్చేసరికి ఖాళీ కుండ చంకనేసుకుని పెద్దావిడ ఎదురైంది. "అయ్యో, అలాగే ఉంచుకుంటే పట్టేస్తుంది. కిందికి రా, నేను పోస్తా" అని ముందు నడిచింది. మగ్గుతో నీళ్లు పోసింది, తుడుచుకోవడానికి గుడ్డపీలికలిచ్చింది. ఎంత మంచి మనిషి అనుకుంటూ అతను అటునుంచి అటే లాడ్జికి వెళ్లిపోయాడు.

గండాలయ్య తడిగడప మీద కూర్చున్నాడు. ఊళ్లో ఉన్న గండాలన్నీ లెక్కపెడుతూ తిరిగే మనిషి, తనను మాత్రం ఎప్పుడూ ఆ జాబితాలో వేసుకోలేదు.

రాత్రి కాకముందే హోటలుకు వెళ్లి రీజనల్ సారుకు చెప్పాడు. ఆయన అద్దం ముందు రేపటి ఉపన్యాసం సాధన చేస్తున్నాడు.

"మీ వేలి ముద్రా?"

"నా వేలే సార్."

"మీది కాదయ్యా, సంస్థది. మీ వేలు మీరు అక్కడ పెడితే సంస్థకు వేలు పోతాయి." తన మాటకు తనే మురిసిపోయి, మళ్లీ గంభీరమయ్యాడు. "ముసలావిణ్ణి ఎలాగూ డాక్టరుకు చూపిస్తున్నారు. మందులేవో మనమే కొనిపెడదాం. అందరికీ మంచిది. మీరు రేపు పూలగుత్తి పట్టుకుని నవ్వుతూ నిలబడండి, చాలు. నవ్వడం వచ్చుగా?"

"ఈ మధ్యే వచ్చింది సార్" అన్నాడు గండాలయ్య.

*

ప్రారంభోత్సవానికి హాలు చాలక కుర్చీలు మెట్లదాకా వేశారు. ఊళ్లో పెద్దమనుషులు ముందువరసలో, వీధివాళ్లు వెనక. సినిమావాళ్లు కాకపోయినా ఫలహారాలున్నాయని, కొట్టు వదిలి రాగలిగినవాళ్లంతా వచ్చారు. టైలరమ్మ తాళాల తాడు తన నడుంకు కట్టుకుని, అత్తగారిని చెయ్యిపట్టి తెచ్చి గోడపక్క కుర్చీలో జాగ్రత్తగా కూర్చోబెట్టింది. పెద్దావిడ ఎవరి మొహాలూ చూడలేదు. కొత్తచీర చెంగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

రీజనల్ సారు రిబ్బన్ కత్తిరించాడు. "మా సంస్థ ఎన్నో సముద్రాలు దాటి ఈ తీరానికి వచ్చింది" అని మొదలుపెట్టి, దాటిన సముద్రాలన్నీ మళ్లీ ఒక్కొక్కటే దాటించాడు. ఆఖరికి, "ఈ శాఖ కోసం రాత్రింబవళ్లు శ్రమించిన మా సర్వేయరు రెండు మాటలు చెబుతారు" అని, గండాలయ్య వైపు చూసి రెండు వేళ్లెత్తాడు. రెండంటే రెండే అని అర్థం.

గండాలయ్య పూలగుత్తి కుర్చీలో పెట్టాడు.

"అందరికీ నమస్కారం. నష్టం జరిగితే ఎవరివల్ల జరిగిందో చూసి చెప్పడం నా పని. నిన్న పొద్దున కింద షాపులో నీళ్లు కారి, నర్సుల కోట్లు తడిశాయి. ఎవరివల్లో చూశాను. నావల్లే."

రీజనల్ సారు మైకు కోసం చెయ్యి చాచాడు కానీ మైకు లేదు. హాలు చిన్నది కాబట్టి అక్కర్లేదని ఆయనే వద్దన్నాడు.

"మొన్న సాయంత్రం చేతికి పెయింటు అంటుకుంటే ఆ సింకు కుళాయి తిప్పింది నేను. నీళ్లు రాలేదు. మా ఊళ్లో కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి, రాకపోతే కట్టెయ్యాలని నాకు తెలీదు. వదిలేసి కిందికి వచ్చేశాను. తెల్లారి మీకు నీళ్లొచ్చాయి. పిడి మీద నా వేలి ముద్ర అలాగే ఉంది, ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఈ పెద్దావిడ ఆ గదిలోకి అడుగే పెట్టలేదు. పొరపాటు నాది, ఆ బాధ్యత మా సంస్థది."

 ఫలహారం పళ్లెం పట్టుకున్న టైలరమ్మ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది. రీజనల్ సారు కాసేపు నీళ్లు నమిలాడు. తర్వాత ముందువరసలోని పెద్దమనుషులు తలలూపడం గమనించి, "అదే, అదే మా సంస్థ విలువ" అన్నాడు. అంటూనే గండాలయ్య చెవి దగ్గరికి వంగి, "మీ సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నాడు.

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. టైలరమ్మ పట్టుకోబోతే చెయ్యి వదిలించుకుని వచ్చి గండాలయ్య ముందు నిలబడింది.

"నువ్వు తిప్పావా?"

"నేనే అమ్మా."

"నేను తిప్పలేదు."

"లేదమ్మా. మీరు హాల్లో కుండ తీసుకున్నారు. నా చెయ్యి చూసి కిందికి రమ్మన్నారు."

"నీలం మగ్గుతో పోశాను. దాని చెవి విరిగి ఉంది."

"అవునమ్మా."

"రెండు పీలికలిచ్చాను. ఒకటి పసుపుది. ఒకటి చారలది, అది చాల్లేదని నీ ప్యాంటుకే తుడుచుకున్నావు."

గండాలయ్య కిందికి చూసుకున్నాడు. ప్యాంటు మీద పచ్చచార ఉంది. అది అతనికే గుర్తులేదు.

"అయితే నాకు అంతా గుర్తుందే" అంది పెద్దావిడ. గోడవైపు తిరిగి, కోడలివైపు తిరిగి, మళ్లీ అతనివైపు తిరిగింది. రెండు చేతులతో అతని పచ్చగోటి చెయ్యి పట్టుకుంది. "చల్లగా ఉండు నాయనా. ఎంత మంచి పని చేశావు."

"కుళాయి వదిలేయడమా అమ్మా?"

"అదే."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. పళ్లెం ఇస్త్రీ అతని చేతిలో పెట్టి వచ్చి, నడుం దగ్గరి తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడులు వేసే చేతులు కాబట్టి విప్పడానికి చాలాసేపు పట్టింది. "అత్తయ్యా" అంది. తాళాలు అత్తగారి ముందుకు చాచింది.

"రేపు పొద్దున షాపు తీసేది నేనే" అంది పెద్దావిడ తాళాలు అందుకుంటూ. "నువ్వు కాస్త పడుకో. రాత్రంతా కోట్లకు గుండీలు కుట్టావు, చూశాను."

ఫలహారాలు పూర్తయ్యాక గండాలయ్య మెట్లు దిగుతుంటే పెద్దావిడ కింద కాచుకుని ఉంది. అతని మణికట్టు పట్టుకుని వీధిలోకి నడిచింది.

"ఎక్కడికమ్మా?"

"మేడ మీదికి రానివాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లంతా కూడా నేనే మర్చిపోయాననుకుంటున్నారు."

మందుల షాపు ముందు ఆగింది. "చెప్పు బాబూ" అంది. అతను చెప్పాడు. చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగితే, అతను సూది నోట్లో పెట్టుకుని పూర్తిగా విని, "ఎండు కుళాయి తిప్పి వదిలేశారా?" అని జాలిపడ్డాడు. అవునన్నాడు గండాలయ్య. గాజు కొట్టు. సైకిల్ షాపు. ఒక్కో గడపా దాటుతుంటే పెద్దావిడ నడక కాస్త కాస్త చురుకైంది, అతని గొంతు కాస్త కాస్త తేటపడింది. సైకిల్ షాపతనికి చెవుడు కాబట్టి రెండోసారి చెప్పాల్సి వచ్చింది. గండాలయ్య రెండోసారి కూడా సంతోషంగానే చెప్పాడు.